పగడపు దిబ్బల మీద వీడియో తీయడం: బెజవాడలో బకెట్‌తో మొదలుపెట్టి అండమాన్ దాకా

నా కుడిచేతి మణికట్టుకి ఎప్పుడూ ఒక ఎర్రదారం ఉంటుంది, కొండ మీద అమ్మవారి గుడి దగ్గర కట్టించుకున్నది. అండమాన్‌లో మొదటిసారి 14 మీటర్ల లోతుకి దిగినప్పుడు వాచీ చూసుకోబోతే ఆ దారం నల్లగా కనిపించింది. ఉప్పునీళ్లకి రంగు పోయిందేమో అనుకున్నాను. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ సంగతి కనిపెట్టి చిన్న టార్చి నా చేతి మీద వేశాడు. గుళ్లో కట్టిన రోజు ఎంత ఎరుపో అంత ఎరుపు. టార్చి తీశాడు, మళ్లీ నలుపు.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని నేను తీసిన వీడియో చూసుకున్నాను. 38 నిమిషాల్లో చూడదగ్గది 20 సెకన్లు కూడా లేదు. మిగతాదంతా ఊగే నీలం, మధ్యమధ్యలో పారిపోతున్న చేపల తోకలు. కెమెరాకి వంక పెట్టడానికి లేదు, అది మంచిదే. ఊగింది నేను.

నీళ్లలో వీడియో తీయాలనుకునేవాళ్లకి తిప్పలన్నీ ఈ రెండింట్లోనే ఉన్నాయి: రంగు పోవడం, ఒళ్లు నిలవకపోవడం. ఇందులో చాలా భాగం సముద్రం మొహం చూడకుండా ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. దిబ్బ దగ్గర గడిపే ప్రతి నిమిషానికీ డబ్బు కడుతుంటాం కాబట్టి, ఇంటి దగ్గర అయ్యే పని ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లండి.

తేట నీళ్లు ఎక్కడ

మనకి దగ్గరి సముద్రం అంటే గుంటూరు వాళ్లకి సూర్యలంక, బెజవాడ వాళ్లకి మంగినపూడి. రెండు చోట్లా నడుంలోతు నీళ్లలో నిలబడితే మన పాదాలు మనకే కనిపించవు. కృష్ణమ్మ తెచ్చిపోసే ఒండ్రు అది. ఆ ఒండ్రుతోనే మన డెల్టాలో వరి పండుతుంది, ఆ ఒండ్రు ఉన్నచోట పగడపు దిబ్బ కట్టదు. పగడం మొక్కా కాదు, రాయీ కాదు. సున్నంతో గూడు కట్టుకుని గుంపుగా బతికే చిన్న చిన్న జీవులవి. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఎండతో తిండి తయారుచేసి వాటికి పెడుతుంది. నీళ్లు మురికైతే ఎండ అందదు, మీద మట్టి పేరుకుంటే బతకలేవు. ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: మన ఉంగరాల్లో పొదిగే పగడం ఇదేనా అని. కాదు. అది వేరే జాతి, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల దొరికేది.

మన దేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా నాలుగు చోట్ల ఉన్నాయి: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, గుజరాత్ వైపు కచ్ సింధుశాఖ. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి చుట్టూ కూడా డైవింగ్ (వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగడం) చేస్తారు. వైజాగ్ రుషికొండ దగ్గర డైవింగ్ నేర్పేవాళ్లున్నారు. అక్కడ రాళ్ల మధ్య చేపలు కనిపిస్తాయి కానీ దిబ్బ అనలేం. నేర్చుకోవడానికి మాత్రం పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం.

నా ఓటు అండమాన్‌కే. చెన్నై దాకా రైల్లో వెళ్లి అక్కడ విమానం ఎక్కడం నాకు అలవాటు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, హావ్‌లాక్‌ని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. బుకింగ్ చేసేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది.

కృష్ణలో పున్నమి ఘాట్ దగ్గర ప్రాక్టీస్ చేయొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. వద్దంటే వద్దు. ప్రవాహం ఎప్పుడెలా ఉంటుందో తెలియదు, దిగువన బ్యారేజీ, నీళ్లలో మూరెడు దూరం కనిపించదు.

డైవింగ్ ముందు, కెమెరా తర్వాత

ఈత వచ్చినవాళ్లకి డైవింగ్ కష్టం కాదు. ప్యాడీ, ఎస్‌ఎస్‌ఐ లాంటి సంస్థల ఓపెన్ వాటర్ కోర్సు మూడు నాలుగు రోజులు పడుతుంది. ప్యాడీ వాళ్లు 200 మీటర్లు ఈదమంటారు, 10 నిమిషాలు నీళ్ల మీద తేలమంటారు. అది పూర్తయితే 18 మీటర్ల దాకా, మీలాగే సర్టిఫికెట్ ఉన్న ఇంకొకరితో కలిసి దిగొచ్చు. సర్టిఫికెట్ లేకుండా ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని దింపే డైవ్ 12 మీటర్లకి మించదు. ఆ డైవ్‌లో కెమెరా మాట ఎత్తకండి, కళ్లతో చూసుకోండి చాలు.

ఆరోగ్యం ఫారంలో ఆస్తమా, గుండె, చెవి, సుగర్ గురించి అడుగుతారు. ట్రిప్ పాడవుతుందని అక్కడ అబద్ధం రాయొద్దు. బయల్దేరే ముందే డాక్టరుకి చూపించుకుంటే టెన్షన్ ఉండదు. జలుబు ఉంటే ఆ రోజు దిగకపోవడమే మంచిది, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

కెమెరా ఎప్పుడు పట్టాలి? నా లెక్కలో పాతిక డైవ్‌ల తర్వాత. ఎందుకో నా సంగతే చెబుతాను. నేను తొమ్మిదో డైవ్‌కే కెమెరా పట్టాను. ఒక రాతి సందులో మోరే ఈల్ అనే పాములాంటి చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కోపంతో అనుకున్నాను కానీ అది ఊపిరి తీసుకునే తీరే అంత. దాన్నే తీస్తూ ఉండిపోయాను. ఎవరో నా భుజం తట్టి, సిలిండర్‌లో గాలి ఎంతుందో చెప్పే గేజి చూపించారు. 40 బార్ (గాలి ఒత్తిడి కొలత). 200తో దిగినవాడిని, 100 దగ్గర వెనక్కి తిరగాల్సినవాడిని, 50 మిగిలి ఉండగానే పడవెక్కాల్సినవాడిని. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. నా చేతిలోంచి కెమెరా తీసుకుని తన బెల్టుకి తగిలించుకున్నాడు, తన దగ్గరున్న రెండో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే నోటి గొట్టం) నాకిచ్చాడు. పైకి వచ్చాక కూడా ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

అప్పట్నుంచి నాకో నియమం ఉంది. ప్రతి క్లిప్‌కీ ముందు గేజి, క్లిప్ అయ్యాక గేజి, ఆ తర్వాత బడ్డీ, అంటే జతగా దిగినవాడు, ఎక్కడున్నాడో చూడటం. మూడు క్షణాల పని.

ఒళ్లు నిలవడం

నీళ్లలో మునగకుండా, తేలకుండా ఉన్నచోటే ఆగిపోవడాన్ని న్యూట్రల్ బోయన్సీ అంటారు. వీడియో బాగుండేదీ పాడయ్యేదీ ఇక్కడే.

నడుముకి కట్టే సీసం బరువు మొదట సరిచూసుకోవాలి. కొత్తవాళ్లకి భయం కొద్దీ బరువు ఎక్కువ కడతారు. బరువు ఎక్కువైతే, తేలడానికి ఒంటికి వేసుకునే జాకెట్‌లోకి గాలి ఎక్కువ కొట్టాలి. ఆ గాలి లోతు మారినప్పుడల్లా ఉబ్బుతూ నలుగుతూ మిమ్మల్ని పైకీ కిందికీ లాగుతుంది. 10 మీటర్ల లోతులో లీటరున్న గాలి నీటి మట్టానికి వచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. కాబట్టి తక్కువ బరువు, జాకెట్‌లో తక్కువ గాలి, మిగిలిన సర్దుబాటంతా ఊపిరితిత్తులతో. నిండుగా పీలిస్తే ఒక క్షణం ఆలస్యంగా ఒళ్లు లేస్తుంది, వదిలితే ఒక క్షణం ఆలస్యంగా దిగుతుంది. ఆ ఆలస్యం ఒంటికి పట్టేదాకా కెమెరా దండగ.

క్లిప్ కదలకుండా రావాలని చాలామంది ఊపిరి బిగబడతారు. ఇది మాత్రం ఎప్పుడూ చేయొద్దు. బిగబట్టిన ఊపిరితో కాస్త పైకి లేచినా లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. అందుకు పెద్ద లోతు కూడా అక్కర్లేదు, మీటరున్నర చాలు. నెమ్మదిగా పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. వదిలేటప్పుడు ఒళ్లు కుదురుగా ఉంటుంది, ఆ ఏడెనిమిది సెకన్లు మీ క్లిప్.

నిలబడినట్టు కాకుండా బోర్లా పడుకున్నట్టు ఉండాలి, మోకాళ్లు వంచి ఫిన్స్ (కాళ్లకి తొడిగే రబ్బరు రెక్కలు) పైకి పెట్టాలి. సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తే ఇసుక లేస్తుంది, వెనక వచ్చేవాళ్లందరి వీడియో పోతుంది. కప్ప ఈదినట్టు రెండు కాళ్లూ పక్కలకి నెట్టి ఆగడం నేర్చుకోండి. బలం ఎక్కడా లేదు, ఆగడంలోనే ఉంది పనితనమంతా.

ఇది ఇంట్లో నేర్చుకునేదెలా? గాంధీనగర్ మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ లాంటిదేదైనా చాలు. మాస్క్, స్నార్కెల్ (నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే గొట్టం), ఫిన్స్ వేసుకుని నీటి మీద బోర్లా తేలుతూ కప్ప కాళ్లు కొట్టండి. ఫిన్స్‌తో అనుమతి ఉందో లేదో ముందే అడగండి. రెండు చేతులూ ముందుకి చాపి ఒక నీళ్ల సీసా పట్టుకోండి, అదే మీ కెమెరా. సీసా అల్లాడకుండా పూల్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లగలిగితే సగం వచ్చినట్టే. అసలు కెమెరా తీసుకెళ్లాలంటే మేనేజరుతో మాట్లాడి, పిల్లలూ ఆడవాళ్లూ లేని వేళ చూసుకోండి. ఎవరైనా గొడవ పెట్టుకుంటే తప్పు మీదే అవుతుంది. అడుగున ఒక స్టీలు గ్లాసు, ఒక ఎర్ర ప్లాస్టిక్ మగ్గు పెట్టి వాటిని తీయండి. ఊపిరి బిగబట్టి పదే పదే మునగడం ఒంటరిగా చేయొద్దు, గజ ఈతగాళ్లు కూడా అలా స్పృహ తప్పిన సందర్భాలున్నాయి. గట్టు మీద మిమ్మల్నే చూస్తూ ఒకరుండాలి.

ఏం కొనాలి

గోప్రో, డీజేఐ ఆస్మో లాంటి యాక్షన్ కెమెరా ఒకటి. హౌసింగ్ (కెమెరాకి తొడిగే, నీళ్లు చొరని డబ్బా) లేకుండా గోప్రో 10 మీటర్ల దాకా తట్టుకుంటుందని రాసి ఉంటుంది, ఆ లెక్క నమ్మి దిబ్బ మీదికి దిగకండి. 60 మీటర్లకి పనికొచ్చే హౌసింగ్ కొనండి. తర్వాత రెండు చేతులతో పట్టుకునే ట్రే. ఆ తర్వాతే లైట్లు. సెల్ఫీ కర్రతో ఎప్పుడూ తీయొద్దు, ఒక చేత్తో పట్టుకున్నది ఊగక మానదు. మెమరీ కార్డు 128 జీబీ తీసుకోండి. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన 4కె వీడియో గంటకి 45 జీబీ తింటుంది. బ్యాటరీలు మూడు. మణికట్టుకి వేసుకునే తాడు కన్నా జాకెట్‌కి తగిలించే సాగే తాడు మేలు, అవసరం వస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి.

పెద్ద కెమెరా, గుండ్రటి అద్దం ఉన్న హౌసింగ్, వీటి జోలికి మొదటి ఏడాది వెళ్లకండి. డబ్బు మిగిలితే ఇంకో నాలుగు డైవ్‌లు చేయండి.

బకెట్ పరీక్ష

హౌసింగ్ మూత చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉంటుంది, ఓ-రింగ్ అంటారు. కుక్కర్ గాస్కెట్ లాంటిదే. మీ వేల రూపాయల కెమెరాకీ సముద్రానికీ మధ్య ఉన్నది అదొక్కటే.

రాత్రి అన్నాలయ్యాక ఇలా చేయండి. రింగుని వేలితో మెల్లగా ఊడదీయండి, పిన్నుతో గుచ్చి లాగొద్దు. టార్చి వెలుతురులో రింగునీ, అది కూర్చునే గాడినీ చూడండి. నాకోసారి ఏమీ కనిపించలేదు, కానీ వేళ్ల మధ్య రింగుని జరుపుతుంటే ఒకచోట గీరుకుంది. తీరా చూస్తే మా పిల్లిది ఒక తెల్ల వెంట్రుక. అంత చాలు నీళ్లు రావడానికి. మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ హౌసింగ్ వాళ్లు రాయమన్నదైతే సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత రాయండి. మెరుపు రావాలి కానీ జిడ్డు కనిపించకూడదు. ఎక్కువ రాస్తే ఇసుకని పట్టుకుంటుంది.

ఇప్పుడు కెమెరా పెట్టకుండా, హౌసింగ్‌లో ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టి మూయండి. బకెట్ నీళ్లలో ముంచి పైన పొత్రం పెట్టి తెల్లవార్లూ వదిలేయండి. పొద్దున్న టిష్యూ పొడిగా ఉంటే సరే. బకెట్ లోతు ఎంత, సముద్రం లోతు ఎంత అని నవ్వొద్దు. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే మూతని రింగుకేసి అదుముతుంది, అందుకే చాలా లీకులు పైపైనే బయటపడతాయి.

ఆవిరి సంగతి వేరే. మన ఎండల్లో, ఉక్కపోతలో మూసిన హౌసింగ్ లోపల తడిగాలి ఉండిపోతుంది. కెమెరా వేడెక్కి, బయట నీళ్లు చల్లగా ఉండేసరికి అద్దం లోపల మంచు పట్టినట్టవుతుంది, పైకి వచ్చేదాకా మీరేమీ చేయలేరు. అందుకని ఏసీ గదిలో మూయండి, తేమ పీల్చే పట్టీ ఒకటి లోపల పెట్టండి, పడవ మీద ఎండలో ఉంచకుండా తడిగుడ్డ కప్పండి.

సెట్టింగులు గదిలోనే

హౌసింగ్‌లోకి వెళ్లాక టచ్ స్క్రీన్ పనిచేయదు, బటన్లే గతి. కాబట్టి అన్నీ ముందే పెట్టుకోవాలి. 4కె, సెకనుకి 30 ఫ్రేములు. చేపల వేగం నెమ్మదిగా చూపించాలనుకుంటే 60. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 800కి మించకుండా కట్టడి చేయండి, లేకపోతే నీలం నిండా గింజలు గింజలుగా వస్తుంది. స్క్రీన్ ఆరిపోయే సమయం ఎక్కువ పెట్టండి. రికార్డు అవుతుంటే వెలిగే ఎర్ర లైటు ఆన్‌లో ఉంచండి.

ఇంకొకటి. ఈ కెమెరాలకి చాలావాటికి దగ్గరి ఫోకస్ లేదు. అడుగు కన్నా దగ్గరికి వెళ్తే మసకబారుతుంది. పైగా నీళ్లలో ఏదైనా ఉన్నదానికన్నా పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది, గ్లాసు నీళ్లలో చెంచా విరిగినట్టు కనిపించే కిటుకే ఇది. కాబట్టి చేయి చాపితే అందుతుంది అనిపించినది అందదు. ఇది పూల్‌లో స్టీలు గ్లాసుతో తేల్చుకోవచ్చు.

ఎరుపు ఎక్కడికి పోతుంది

సూర్యకాంతి నీళ్లలోకి దిగేకొద్దీ రంగులు ఒక వరుసలో తప్పుకుంటాయి. ముందు ఎరుపు, అయిదారు మీటర్లకే చాలామటుకు పోతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి మిగిలేది నీలం. గుంటూరు ఎండుమిర్చి ఒకటి 18 మీటర్లకి పట్టుకెళ్తే వంకాయ తొడిమకన్నా అందంగా ఏమీ కనిపించదు. మన కళ్లు కొంత సర్దుకుంటాయి, మెదడు అంచనా వేసుకుంటుంది. కెమెరాకి ఆ దయ లేదు.

చాలామంది మరచిపోయేది ఇంకోటుంది. లోతు ఒక్కటే కాదు, మీకూ చేపకీ మధ్యనున్న దూరం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 8 మీటర్ల లోతులో 4 మీటర్ల దూరాన ఉన్న చేపని తీస్తే వెలుతురు పన్నెండు మీటర్ల నీళ్లు దాటి కెమెరాకి వచ్చినట్టు. అందుకే దగ్గరికి వెళ్లడం అనేది రంగుకి మొదటి మందు. మీటరులోపు, కుదిరితే రెండడుగులు. జూమ్‌ని పూర్తిగా మరిచిపోండి.

రెండో మందు ఫిల్టర్. నీలి నీళ్లకి ఎర్ర ఫిల్టర్, పచ్చగా ఉండే నీళ్లకి మెజెంటా. ఇది లేని ఎరుపుని తీసుకురాదు, ఎక్కువున్న నీలాన్ని తగ్గిస్తుంది, అంతే. అయిదు నుంచి పద్దెనిమిది, ఇరవై మీటర్ల మధ్యలో పనికొస్తుంది. పైకి వచ్చాక తీయకపోతే అందరి మొహాలూ కుంకుమ పూసినట్టుంటాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు ఎండ నిటారుగా పడి ఎక్కువ లోతుకి దిగుతుంది, ఆ వేళ డైవ్ అడగండి.

మూడోది లైట్లు. నా ఎర్రదారం కథ ఇదే. రంగు పోలేదు, దాని మీద పడే వెలుతురులో ఎరుపు లేదు. మీ దగ్గరున్న తెల్ల లైటుతో ఎరుపు మళ్లీ వస్తుంది, కానీ మీటరు, మీటరున్నర దాకానే. ఫిల్టర్, లైట్లు కలిపి వాడొద్దు, అంతా ఎర్రబడుతుంది. ఏదో ఒకటి.

లైట్లని కెమెరా పక్కనే తగిలిస్తే నీళ్లలోని నలుసులన్నీ మెరుస్తాయి. మంచు పొద్దుట హైవే మీద హెడ్‌లైట్ హైబీమ్ వేసినప్పుడు ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు అవుతుందే, అదే ఇది. చేతులు చాపినట్టు రెండు లైట్లనీ ఎడంగా పెట్టి, కొద్దిగా బయటికి తిప్పండి. రెండు వెలుగుల అంచులు కలిసేచోట చేప ఉండాలి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సరిచేసే సెట్టింగు) చేత్తో పెట్టుకునే కెమెరా అయితే తెల్ల స్లేటు ఒకటి పట్టుకెళ్లి లోతు మారినప్పుడల్లా సరిచేసుకోవచ్చు. లేకపోతే తెల్ల ఇసుకని తీసి ఒక క్లిప్ ఉంచుకోండి, ఎడిటింగ్‌లో కొలతగా పనికొస్తుంది. నేనైతే నా మణికట్టు తీస్తాను. ఆ దారం ఎర్రగా వచ్చేదాకా రంగు సర్దుతాను.

దిబ్బ దగ్గర

అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మా పడవ మీద సాయం చేసే పెద్దాయన శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడినవాడు. నేను కెమెరా పట్టుకునే నీళ్లలోకి దూకబోతే ఆపాడు. "ఏటి బాబూ, ముందు నువ్వు దిగు. ఇది నేనందిత్తాను." అదే పద్ధతి. దూకిన తాకిడికి హౌసింగ్ క్లిప్ ఊడొచ్చు, మాస్క్ పట్టుకోవాల్సిన చేయి ఖాళీ ఉండదు. దిగి, తేలి, చెయ్యెత్తి కెమెరా అందుకోండి. వెంటనే నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వరసగా సన్నటి బుడగలు వస్తే తిరిగి పైకి ఇచ్చేయండి.

కిందికి వెళ్లాక మొదటి రెండు నిమిషాలు తీయకండి. చెవులు, బరువు, బడ్డీ సరిచూసుకోండి. తర్వాత ఒకచోటు ఎంచుకుని అక్కడే ఉండండి. దిబ్బ అంతా చుట్టిరావాలన్న తొందర ఉన్నవాడికి తోకలే దొరుకుతాయి. నేను ఒకసారి ఒకే సముద్రపు అనిమోన్ (రాతికి అంటుకుని ఉండే, మెత్తటి వేళ్లలాంటివి ఉన్న జీవి) దగ్గర తొమ్మిది నిమిషాలు ఉన్నాను. అందులో కాపురం ఉండే క్లౌన్ ఫిష్ మొదట లోపలికి దూరిపోయింది. రెండు నిమిషాలకి తల బయటపెట్టింది. నాలుగో నిమిషంలో నన్ను లెక్కచేయడం మానేసి, ఆ పక్కన రాతికి అంటించిన గుడ్లకి రెక్కలతో నీళ్లు విసరడం మొదలుపెట్టింది. ఆ రోజు నా దగ్గర మిగిలిన వీడియో అదే, మిగతాది చెరిపేశాను.

ప్రతిదీ పది సెకన్లు తీయండి. బటన్ నొక్కాక రెండు సెకన్లు, ఆపేముందు రెండు సెకన్లు కెమెరా కదలొద్దు. కెమెరాని అటూ ఇటూ తిప్పడం అసలే వద్దు, చేప ఫ్రేములోకి వచ్చి దాటిపోనివ్వండి. ఒకే చోటుని మూడు దూరాల్లో తీసుకోండి: చోటంతా, ఆ చేప, ఆ చేప కన్ను. పైనుంచి కిందికి తీస్తే చేప నేలలో కలిసిపోతుంది. దాని మట్టానికి దిగి, వీలైతే కొంచెం కిందినుంచి పైకి తీస్తే వెనక నీలం వస్తుంది.

చేపలు ప్రవాహానికి ఎదురు నిలబడతాయి. ఎగువన ఉంటే మీకు మొహాలు దొరుకుతాయి. కానీ ఆ ప్రవాహమే మిమ్మల్ని దిబ్బ మీదికి నెడుతుంది కాబట్టి దూరం ఉంచుకోండి. చిలకచేప పగడాన్ని కొరుకుతుంటే కరకరమని మీకే వినిపిస్తుంది, ఆ చప్పుడు రికార్డు కావాలంటే ఊపిరి నెమ్మదిగా వదలాలి. అది కొరికి నమిలి వదిలిన సున్నమే తర్వాత తెల్ల ఇసుక అవుతుంది. తాబేలు కనిపిస్తే దానికీ నీటి మట్టానికీ మధ్యలోకి వెళ్లకండి, అది ఊపిరికి పైకి రావాలి. టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ అని రెండున్నర అడుగుల దాకా పెరిగే మొండి చేప ఒకటుంది. గుడ్లు పెట్టినప్పుడు తరిమి కరుస్తుంది. దాని గూటి నుంచి పైదాకా గరాటు ఆకారంలో ఉన్న నీళ్లన్నీ తనవే అనుకుంటుంది. అందుకని పైకి పారిపోకుండా పక్కకి వెళ్లాలి.

పట్టు కోసం పగడాన్ని పట్టుకోవద్దు. గుండ్రాయిలా ఎదిగే జాతులు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి, మీ మోకాలు ఒక్కసారి తగిలితే మీ వయసంత పెరుగుదల విరిగిపోవచ్చు. ఏదీ ఏరుకుని జేబులో వేసుకోవద్దు, చచ్చిన పగడం ముక్క అయినా సరే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పగడాలకి రక్షణ ఉంది. క్లిప్ బాగా వస్తుందని చేపని కదిలించడం, ఆక్టోపస్‌ని బయటికి లాగడం చేసే డైవ్‌మాస్టర్లు కూడా ఉంటారు. వద్దని ముందే చెప్పండి.

పైకి

నిమిషానికి 9 మీటర్లకి మించకుండా లేవాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ నిజానికి వీడియోకి బంగారం. ఎరుపు ఇంకా కొంత ఉంటుంది, ఎండ గీతలు గీతలుగా పడుతుంటుంది. కానీ కెమెరా చూస్తూ తెలియకుండా పైకి తేలిపోయేది కూడా ఇక్కడే. లోతు చూపించే వాచీని కెమెరా పక్కనే ట్రేకి కట్టుకోండి.

పడవెక్కాక హౌసింగ్ తెరవకండి. మంచినీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లలోనే బటన్లన్నీ నొక్కుతూ వదులుతూ ఉండండి, లోపలి ఉప్పు పోతుంది. అందరూ సామాన్లు కడిగే తొట్టిలో మాత్రం వదిలి వెళ్లొద్దు, ఎవరి బరువైనా దాని మీద పడొచ్చు. ఆరాక, తల తుడుచుకున్నాక తెరవండి. జుట్టు నుంచి జారిన ఒక్క చుక్క చాలు.

విమానం విషయం ముందే లెక్కేసుకోండి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, పలు డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. నేను పూర్తి రోజు వదిలేస్తాను. ఆ రోజు శ్రీ విజయపురంలో సెల్యులార్ జైలు చూడండి. లిథియం బ్యాటరీలు చెక్ఇన్ సామానులో వేయకూడదు, లైట్ల లోంచి తీసి చేతి సంచిలో విడివిడిగా పెట్టుకోవాలి.

ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. ముందు క్లిప్పులన్నీ రెండు డ్రైవుల్లో కాపీ చేయండి, ఆ తర్వాతే కార్డు ఫార్మాట్ చేయండి. 40 నిమిషాల డైవ్‌ని రెండు నిమిషాలకి కోయండి. రంగు సర్దేటప్పుడు ఇసుకని తెల్లగా తెచ్చుకుని, ఎరుపు కొంచెం పెంచి, నీలం కొంచెం తగ్గించండి. 15 మీటర్ల లోతులో లైటు లేకుండా తీసిన క్లిప్‌లో ఎరుపు అసలు రికార్డే కాదు కాబట్టి ఎంత లాగినా గింజలే వస్తాయి. అలాంటిది నీలంగానే వదిలేయండి, నీలం కూడా బాగుంటుంది. వెనక పెద్ద సంగీతం పెట్టకుండా బుడగల చప్పుడు ఉంచి, మీ గొంతుతో తెలుగులో నాలుగు ముక్కలు చెప్పండి.

మా అమ్మకి క్లౌన్ ఫిష్ క్లిప్ చూపించాను. రెండు నిమిషాలూ చూసి, "ఆ దారం మార్చుకో, వెలిసిపోయింది" అంది.